ఐదో జాకెట్టు ముక్క

ఎనభై సెంటీమీటర్ల గుడ్డముక్క నా పెళ్ళి చెడగొట్టింది. నవ్వండి, నవ్వండి! మీదేం పోయింది?

సికింద్రాబాదులో ఏ సందులో రాయి విసిరినా కంప్యూటర్ ఇంజనీరుకే తగిలే రోజులవి. నాకూ కొత్తగా ఉద్యోగం వచ్చింది. విజయనగరం నుంచి వచ్చి తిరుమలగిరిలో ఉండేవాళ్ళం. శ్రావణ శుక్రవారం అమ్మ ఐదుగురు ముత్తైదువులను పేరంటానికి పిలిచింది. అందులో ఒకరు శారదగారు, నాకు తన కూతుర్నివ్వాలనుకుంటున్నావిడ.

"నాలుగు మీటర్లు గుడ్డ తీసి, ఎనభై సెంటీమీటర్ల చొప్పున ఐదు జాకెట్టు ముక్కలు కోయించీ. ఏటీ, వినబడిందా?" అంది అమ్మ.

ఇంత లెక్కకి కంప్యూటరెందుకంటారా? కొత్త బిచ్చగాడే కాదు, కొత్త ప్రోగ్రామరూ పొద్దెరగడు. నాలుగుని సున్నా పాయింట్ ఎనిమిదితో భాగించి శేషం చెప్పమన్నాను. సున్నా రావాలి కదా! ఆ మహాతల్లి 0.7999999999999998 అంది. అంటే ముక్కలు నాలుగే. మిగిలింది ఐదోదానికి వెంట్రుకవాసి తక్కువ.

రెజిమెంటల్ బజార్‌లో బట్టల కొట్టతనితో అదే చెప్పాను.

"ఐదు బరాబర్ వస్తయ్ సార్!"

"రావు. ఐదోది చాలదు."

అతను ఐదోదాన్నీ కోసి నాలుగోదాని మీద పరిచాడు. "గిదేంది సార్! జెర చూడుండ్రి, రెండూ ఒక్కతీరుగనే ఉన్నయ్ కద!"

"కంటికి ఒకటే. కంప్యూటర్‌కి కాదు!"

"మీ ఇష్టం. నన్నయితే పరేషాన్ చెయ్యకుండ్రి."

నాలుగు ముక్కలూ దేవుడి గదిలో పెట్టాను. 'చాలని' ఐదోదాన్ని కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా కప్పాను. మోచేతుల దాకా బూరెల పిండిలో ఉన్న అమ్మ లెక్క చూసుకోలేదు.

సాయంత్రం నలుగురికీ తాంబూలాలు అందాయి. శారదగారి దగ్గరికొచ్చేసరికి పళ్ళెం ఖాళీ.

"ఐదోది ఏటయిందిరా?" అమ్మ పళ్ళు నూరింది.

"చాలలేదమ్మా, వెంట్రుకవాసి..."

శారదగారి చూపు కంప్యూటర్ మీద పడింది. లేచి వెళ్ళి ఆ గుడ్డ తీసి, పక్కావిడ ముక్క మీద పరిచారు. అంచుకి అంచు సరిపోయింది.

"నాకు పెట్టాల్సింది దీనికి పెట్టారన్నమాట. పెళ్ళి కూడా దీంతోనే చేసేయండి వదినగారూ!" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత ఆఫీసులో తెలిసింది. సున్నా పాయింట్ ఎనిమిది కంప్యూటర్ బుర్రలో సరిగ్గా పట్టదట! రవ్వంత ఎక్కువ వేసుకుంటుందట. అలాంటివి ఐదు కలిపితే నాలుగు దాటిపోతుందట. ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా? అన్ని తొమ్మిదులు వాగడానికి నోరొచ్చింది!

అగ్నిసాక్షిగా, అంటే ఆ యోగం ఎలాగూ తప్పింది కాబట్టి మా గ్యాస్ పొయ్యి సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పాయింటు పెట్టి శేషం అడగను. సెంటీమీటర్లలోనే అడుగుతాను. నాలుగొందలు, ఎనభై. శేషం సున్నా.

సంబంధమూ సున్నా.