పటంలో మన కన్ని కుక్క ఏది?

మీ గుమ్మంలో పడుకున్న కుక్క ఎవరి వంశమో తెలుసా? తోడేలు వంశం! ముప్పయ్యేళ్ళుగా చర్చిలో బైబిలు వాక్యం విప్పి తోడేళ్ళ మీద గర్జించిన నాకే ఈ రోజు తెలిసింది. పశువైద్యం చదివే నా కూతురు ఎస్తేరు ఒక పటం పరిచింది. మొదట్లో తోడేలు, అక్కణ్ణుంచి రక్తసంబంధాన్ని బట్టి కొమ్మలుగా చీలిన కుక్కజాతులు. సృష్టికర్త చేతిపనిని కొమ్మకొమ్మా వేలు పెట్టి చూశాను. ఆదాము పేరు పెట్టకుండా ఏ జంతువునూ వదల్లేదు. ఈ పటం మాత్రం మన కోవిల్‌పట్టి వేటకుక్క కన్నిని వదిలేసింది, పరీక్షకు దాని రక్తం ఇచ్చినవాళ్ళు లేక.

వెంటనే విళాత్తికుళం దారిలోని రైతు రామసామి ఇంటికి వెళ్ళాం. ఆయన అడ్డుపడ్డాడు.

"అది మీ అత్తకు పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన సీరు, పాపా. బామ్మర్దిని అడక్కుండా రక్తం తీయనిస్తే నాకు ఇంట్లో కూడు దొరికేనా?"

ఆయన భార్య లోపలినుంచి వచ్చింది.

"సీరు నాది, కుక్క నాది. అన్నతో నేను మాట్లాడుకుంటా. నువ్వు సూది తియ్ పాపా!"

కుక్క తల పట్టుకున్నది నేనే. ఎస్తేరు సూది గుచ్చితే అది నా చేతులు నాకి ఊరుకుంది.

మీ ఇంట కన్ని ఉందా? తీసిన రక్తంతో ఎస్తేరు రేపు పొద్దున్నే కాలేజీకి బస్సెక్కుతుంది. బావమరుదుల కోసం ఆగకండి, ఇంటి ఆడవాళ్ళను అడిగి ఈ సాయంత్రమే కబురు పెట్టండి!