నేరేడు చెట్టు దగ్గర అమ్మ ఆగేది

మోకాళ్ళు పట్టేస్తున్నాయని చూపించుకోడానికి వెళ్తే, రోజూ ఓ అరగంట నడవండమ్మా అని డాక్టరు చెప్పేడు. సరేనని విశాఖపట్నంలో మా అపార్ట్‌మెంటు మేడమీద, నీళ్ళ ట్యాంకుల చుట్టూ గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టి, వారం తిరక్కుండానే విసుగెత్తిపోయేను. నడకంటే ఇదా అనుకుంటుంటే చిన్నప్పుడు నేను నడిచిన దారి మీదకి మనసు మళ్ళింది. మళ్ళింది అని పైకి అంటున్నాను గాని, నిజానికి ఇన్నేళ్ళలో ఆ దారి నన్ను వదిలిపెట్టిందెప్పుడు? ఎనభైకి దగ్గర పడ్డాను, ఇంకెప్పుడు చూస్తానని చోడవరంలో ఉన్న తమ్ముడికి ఫోను చేసి, ఓ పూట వస్తానురా, నన్ను మన ఊరి గట్టుమీద కాస్త నడిపించు అన్నాను. అక్కడేటుందే ఇప్పుడు చూడ్డానికి, అన్నాడు వాడు. ఏమున్నా లేకపోయినా వస్తానన్నాను.

మా ఊరు చోడవరానికీ వడ్డాదికీ మధ్యన ఉండేది. నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, యాభైల్లో మా వైపు ప్రయాణమంటే కాలినడకే, తప్పితే ఎడ్లబండి. బడి లేని రోజున నాన్నకి చద్దన్నం గిన్నె పట్టుకుని చెరకు తోటకి వెళ్ళడం నా పని. ఊరు దాటగానే వరిమళ్ళ గట్టు ఒకటి, సరిగ్గా ఒక మనిషి పట్టేంత, ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు మడిలోకి దిగాల్సిందే, చిన్నదాన్ని కాబట్టి ఎప్పుడూ నేనే దిగేదాన్ని. ఆ గట్టు మలుపులో ఓ నేరేడు చెట్టు. దాన్ని దాటి ఓ వంద అడుగులు వేస్తే గెడ్డ, అంటే మోకాలిలోతు నీళ్ళు పారే చిన్న వాగు, దాని ఒడ్డున మొగలి పొద. గెడ్డ దాటితే మా తోట, ఇంకా ముందుకి పోతే వడ్డాది సంత. బెల్లం వండే రోజుల్లో గెడ్డ దగ్గరకి వచ్చేసరికే పాకం వాసన తగిలి, గిన్నెలో అన్నం సంగతి మర్చిపోయి పరుగెత్తేదాన్ని. నాన్న కొత్తబెల్లం ఓ చెరకు ముక్కకి అంటించి ఇచ్చేవాడు. అది చప్పరిస్తూ తిరిగి రావడం కంటే సుఖం నాకు ఆ తరవాత జీవితంలో ఇంకోటి దొరకలేదు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా మా పెద్ద తమ్ముడు పోయేడు. ఇప్పుడు చోడవరంలో ఉన్నవాడు కాదు, వాడికంటే ముందు పుట్టినవాడు, ఇంకా గోడ పట్టుకుని నిలబడుతున్నవాడు. మూడురోజులు జ్వరం కాసింది, అంతే. చంటిపిల్లల్ని దహనం చెయ్యరు, పాతిపెడతారు. ఎక్కడ పాతిపెట్టిందీ తల్లికి చెప్పకూడదు. తల్లి ఆ చోటు చూసి ఏడిస్తే తరవాతి బిడ్డ నిలవదని మా ఇళ్ళల్లో గట్టి నమ్మకం. ఆ నియమం పెట్టినవాళ్ళెవరో గాని కడుపుకోత తెలిసినవాళ్ళు మాత్రం కాదని ఇప్పుడంటాను, అప్పుడు అనడానికి నాకు నోరెక్కడిది?

తెల్లారుతుండగా నాన్న, బాబాయి బయల్దేరేరు. నాన్న చేతుల్లో తువ్వాలు చుట్టిన మూట ఉంది. ఆ దారిన నాన్న దగ్గరకి వెళ్ళే అలవాటుకొద్దీ నేనూ ఎవరికీ కనపడకుండా వెనకాలే వెళ్ళేను. గెడ్డ ఒడ్డున, మొగలి పొదకి పక్కగా బాబాయి గొయ్యి తవ్వేడు. నాన్న వాణ్ణి దింపి, మట్టి కప్పి, నక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప పరిచేడు. లేచి వెనక్కి తిరిగి నన్ను చూసేడు. తిడతాడనుకున్నాను. అంత పెద్దదాన్ని చంకనెత్తుకుని ఇంటిదాకా మోసుకొచ్చేడు.

ఇంటికి రాగానే సంగతి తెలిసి నాయనమ్మ నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. మీయమ్మకి సోటు సెప్పేవంటే రేపు పుట్టబోయేవోడూ నిలవడు, నీ ఇష్టం, అంది. ఆ మాటకి నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

కొన్నాళ్ళకి అమ్మకి మళ్ళీ నెల తప్పింది. కడుపు కనిపిస్తున్న రోజుల్లో ఒకసారి ఇద్దరం వడ్డాది సంతకి వెళ్తున్నాం. గట్టు మలుపులో అమ్మ ఆగిపోయింది. నా గడ్డం పట్టుకుని, “ఎక్కడెట్టేరే గుంటా ఆడ్ని? నాకొక్కదానికీ సెప్పవే, నానెవులికీ సెప్పను” అంది. నేను గడ్డం విడిపించుకుని ముందుకి నడవబోయేను. అమ్మ కదల్లేదు. సంతకి వెళ్ళేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని మడిలోకి దిగి పోతున్నారు, అమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఆ కడుపులోవాణ్ణి కూడా నేనే చంపేస్తానేమోనని ఒక భయం, అమ్మ ఏడుపు చూడలేక ఒక బాధ. ఎదురుగా నేరేడు చెట్టు కనపడింది. వేలు పెట్టి దాని మొదలు చూపించేను. అసలు చోటు చెప్పలేదు కాబట్టి ఒట్టు తప్పలేదు, అమ్మ ఏడుపూ ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయేను కూడాను, నా బుద్ధి గడ్డి తిన్నదని అప్పుడు తెలీలేదు.

అది మొదలు అమ్మ ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా నేరేడు చెట్టు దగ్గర ఆగేది. ఊరికే ఆగితే నలుగురూ పట్టేస్తారని, కాల్లో ముల్లు గుచ్చుకున్నట్టు కూలబడి, పాదం ఒళ్ళో పెట్టుకుని ముల్లు తీసుకుంటున్నట్టు నటిస్తూ, కొంగుముడిలోంచి చిటికెడు పేలాలో, చిన్న బెల్లం ముక్కో చెట్టు మొదట్లో జారవిడిచేది. ముళ్ళన్నీ నీ కాలికే దొరుకుతాయేటే అని కూడా వచ్చే ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. అమ్మా నవ్వేసేది. తరవాత గెడ్డ దగ్గరకి వచ్చి, మొగలి పొద పక్కన చతికిలబడి కాళ్ళు కడుక్కుని, కబుర్లు చెప్పుకుంటూ అలుపు తీర్చుకునేది. ముళ్ళకంప ఏ వరదకో కొట్టుకుపోయింది, నేల చదునైపోయింది. నాకు మాత్రం ఆ చోటు కళ్ళకి కట్టినట్టు తెలుసు. నేను ఎగువకి పోయి దూరంగా దాటేదాన్ని. ఆ గుంటకి నీళ్ళంటే బయం, అనేది అమ్మ నన్ను చూసి.

తమ్ముడు పుట్టేడు, నిలిచేడు. ఇంక చెప్పడానికి అడ్డమేముంది? అడ్డం లేదు, ధైర్యమూ లేదు. చదువుకున్నాను, పంతులమ్మనయ్యేను, పెళ్ళయి పట్నం వచ్చేసేను. ఎన్నోసార్లు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ముసలితనంలో అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు ఓ రోజు బియ్యం ఏరుతూ, ఆడక్కడ నీడపట్టునున్నాడు, నాకదొక్కటే సుఖం, అంది. ఆ సుఖం కూడా ఉత్తిదేనని ఏ నోటితో చెప్పను? ఎన్నేళ్ళు ఆగితే అంత కష్టమయ్యింది. చివరికి అమ్మే వెళ్ళిపోయింది.

తమ్ముడు నన్ను ఆటోలో తీసుకెళ్ళేడు. దింపి, ఇదేనే గట్టు అన్నాడు. ఎర్రమట్టి పోసిన వెడల్పాటి రోడ్డుకి అటూ ఇటూ రంగువేసిన రాళ్ళు పాతేరు, ఇళ్ళస్థలాలట. వరిమళ్ళు లేవు, చెరకు లేదు. గెడ్డని సిమెంటు కాలవలో బిగించి పక్కకి తిప్పేసేరు, అందులో నీళ్ళూ లేవు. మొగలి అన్నది వెతికినా కనిపించలేదు. పోనీ గట్టుకి ఎదురుగా ఉండే కొండని బట్టి ఆనవాలు పట్టుకుందామంటే, క్వారీవాళ్ళు దాన్ని సగానికి తినేసేరు. నేను ఆ రాళ్ళ మధ్య ఇటు పదడుగులు, అటు పదడుగులు వేసేను. నాకు కళ్ళకి కట్టినట్టుండే చోటు ఏ రాయి దగ్గరో, ఏ రోడ్డు కిందో పోల్చుకోలేకపోయేను. ఒక్కసారి మట్టికి దణ్ణం పెట్టుకుని వద్దామన్న ఆశ కూడా మిగల్లేదు.

నేను వెతుకుతున్నది నేరేడు చెట్టు కోసమనుకున్నాడు తమ్ముడు. ఓ కరెంటు స్తంభం దగ్గర నిలబడి, ఇక్కడుండేదే, నాకు బాగా గుర్తు, అన్నాడు. తరవాత ఓ సంగతి చెప్పేడు. పోయేముందు అమ్మ వాడి చెయ్యి పట్టుకుని, ఎముకలన్నీ ఏట్లో కలిపినా, ఒక్క గుప్పెడు మాత్రం నేరేడు చెట్టు మొదట్లో కప్పెట్టమందిట. అలాగే కప్పెట్టేడట. ఎందుకమ్మా అని అడిగితే, సిన్నప్పుడు అక్క నాకో మేలు సేసిందిరా, అదేటో దానికే తెలుసు, నువ్వడక్కు, అందిట. “ఏటే అక్కా అది?” అన్నాడు వాడు.

అక్కడే ఓ రాయి మీద కూర్చుండిపోయేను. ఎండకి కళ్ళు తిరిగేయనుకుని తమ్ముడు నీళ్ళసీసా తెచ్చి ఇచ్చేడు. ఇన్నేళ్ళు అమ్మకి చెప్పలేనిదాన్ని, వాడికేం చెప్పను?

ఈమధ్య మా బంధువుల్లో ఓ అమ్మాయికి ఇలాగే పసివాడు పోతే, మొగుడితో పాటు తనూ వెళ్ళి, తన చేత్తో మట్టి వేసి వచ్చింది. ఒక్కరూ వద్దనలేదు, ఏ చంటిదానిచేతా ఒట్టు వేయించుకోలేదు. నేను చూస్తుండగా మారినవాటిలో ఇదొక్కటి మంచికి మారిందని ఒప్పుకుంటాను, కాని అది మా అమ్మకి అందలేదు. బతికినన్నాళ్ళూ అమ్మ కొడుకు పక్కనే కూర్చుని కాళ్ళు కడుక్కుని లేచి వెళ్ళిపోయింది, పోయేక వాడి దగ్గరే ఉంటాననుకుని వాడు లేని చోటికి వెళ్ళి పడుకుంది, ఆ చోటు చూపించిన దాన్ని నేను.