బట్టీ పట్టిన కోడ్

1999. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పేవాణ్ణి. చేరడానికి వచ్చినవాళ్ళకు ఏ కోర్సు మంచిదో చెప్పే పనీ నాదే. దాన్ని కౌన్సెలింగ్ అనేవాళ్ళం. నిజానికి అది ఖాళీగా ఉన్న బ్యాచ్‌ను నింపే పని.

ఆ జూన్‌లో పద్మ వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా అమ్మాయి, డిగ్రీ చదివింది. అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి రెండుసార్లు గ్రూప్స్ రాసి తప్పింది. చిక్కడపల్లి వెనక బస్తీలో ఉండే అన్న సెంట్రింగ్ పని చేసి ఆమెను చదివించాడు. స్లాబు మీది నుంచి పడి నడుం విరిగాక అతను మంచం దిగలేదు.

“సార్, ఉన్న పైసలు దీపావళి దాంకనే వస్తయ్, ఆ లోపల నౌకరి రావాలె. లేకుంటే అన్నను తీస్కొని ఊరికి పోవుడే. ఆడ దవాఖాన గూడ లేదు. జావా నేర్చుకోవాల్నా, ఆ వెబ్ ప్యాకేజీనా? మీరే చెప్పుండ్రి.”

జావా ఒక లాంగ్వేజ్, అంటే కంప్యూటర్‌కు మనం సొంతంగా పని చెప్పే భాష. వెబ్ ప్యాకేజీలో పేజీకి కావలసిన కోడ్ చాలావరకు ముందే రాసి ఉంటుంది, మనం ఖాళీలు పూరిస్తే చాలు. అలాంటివాటినే ఇప్పుడు ఫ్రేంవర్క్ అంటున్నారు. భాష రాకుండా దాన్ని పట్టుకోవడం నేల విడిచి సాము చేయడమేనని నాకు తెలుసు. కానీ జావా బ్యాచ్ నిండిపోయింది. ప్యాకేజీ బ్యాచ్‌లో సీట్లు మిగిలాయి.

“ప్యాకేజీ తీసుకోమ్మా. మూడు నెలల్లో ఉద్యోగానికి తయారవుతావు” అని అరచేతిలో వైకుంఠం చూపించాను.

పద్మ గ్రూప్స్‌కు చదివినట్టే చదివింది. ప్యాకేజీ ఇచ్చే కోడ్‌ను నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని, సెమికోలన్లతో సహా బట్టీ పట్టింది. ఒకరోజు పేజీన్నర కోడ్ చూడకుండా అప్పజెప్పింది. అక్కడే ఆపాల్సినవాణ్ణి, క్లాసంతటి చేతా చప్పట్లు కొట్టించాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సెప్టెంబరులో బషీర్‌బాగ్‌లోని ఒక చిన్న కంపెనీకి ఇద్దరు కావలసి వచ్చారు. పద్మను నేనే వెంటబెట్టుకెళ్ళి, ఇంటర్వ్యూ గదిలో ఓ మూల కూర్చున్నాను. పరీక్ష పెట్టినాయన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టలేదు. తెల్ల కాగితం ఇచ్చి, పేర్ల పట్టికను పేజీలో చూపించే కోడ్ రాయమన్నాడు. ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. ఆయన ముచ్చటపడ్డాడు.

“బాగుంది. ఇప్పుడు ఒకే పేరు రెండుసార్లుంటే ఒక్కసారే కనిపించాలి. ఎక్కడ మారుస్తావ్?”

పద్మ మళ్ళీ మొదటి నుంచి అదే కోడ్ రాయసాగింది. సగంలో పెన్ను ఆగిపోయింది. ఆయన కాగితం తీసేసుకున్నాడు.

బస్టాపులో అడిగింది. “జావా నేర్చుకుంటే చెప్పేదాన్నా సార్?”

“చెప్పేదానివి.”

“మీకు ముందే ఎరుకనా?”

బస్సు వస్తోందేమోనన్నట్టు అటు చూశాను.

దీపావళికి ముందే అన్నను తీసుకుని ఊరికి వెళ్ళిపోయిందని హాస్టల్‌లోని ఒకమ్మాయి చెప్పింది. ఆ చలికాలంలోనే అతను పోయాడు. నా వల్లే పోయాడని అనలేను. కాదని అనడానికీ నోరు రాదు.

ఆ తర్వాత ఎవరడిగినా ముందు భాష నేర్చుకోమనే చెప్పాను, ఖాళీ బ్యాచ్‌ల గురించి యాజమాన్యం చేత చీవాట్లు తిన్నాను. అయితే పద్మ నాకు నేర్పింది అది కాదు. అది నాకు ముందే తెలుసు. సలహా అడిగేవాళ్ళు మన తెలివిని నమ్మి రారు, మనల్ని నమ్మి వస్తారు. తెలియక తప్పు చెప్పినవాడికైతే క్షమాపణ అడిగే మొహం ఉంటుంది.