యూనిఫారం కొలతల మధ్య చెప్పిన దారి

శుక్రవారం, జనవరి ముప్పై, గల్ఫ్‌లోని జాబ్రియా. మా భవనం కింది గదిలో బట్టలు కుట్టే అక్క మంగళవారం ఉదయం గుండె ఆగి పోయింది. నిన్న ఆమె శవపెట్టెను విమానమెక్కించి రాయచోటికి పంపాం. రేపు సంతాపసభ. ఇక్కడి తెలుగు సంఘం పెద్ద ఒకాయన ఫోన్ చేసి, "టీచర్ గారూ, నాలుగు మాటలు మీరే రాయండి. మంచి దర్జీ, మంచి మనసు అంటే చాలు. ఆ రెండో సంగతి మాత్రం ఎత్తకండి" అన్నారు. ఆ రెండో సంగతి రాయడానికే కూర్చున్నాను.

ఆ సంగతి ఇది. ఇళ్ళలో చాకిరీ చేస్తూ, దెబ్బలు తింటూ, పాస్‌పోర్టు కఫీల్ అనే యజమాని గుప్పిట్లో ఉండిపోయి చిక్కుకున్న మన ఆడపిల్లలకు మన ఎంబసీ దాకా చేరే దారి చెప్పింది ఆమే.

ఎలా చెప్పేదో వినండి. మామాలు, అంటే ఇంటి యజమానురాళ్ళు, తమ పనిమనుషులను యూనిఫారాల కోసం ఆమె దగ్గరికి తెచ్చేవారు. మామా కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునేది. అక్క మెడలోంచి టేపు తీసి, పిల్ల భుజాన పెట్టి, కొలతలు చదివే గొంతుతోనే మొదలుపెట్టేది. చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి వెళ్ళి ఒకసారి నేనే విన్నాను.

"భుజం పద్నాలుగు. పొద్దున్నే చెత్త పారేసేదానికి పంపుతారు గదా, రెండు సంచులు పట్టుకో. చెయ్యెత్తు మే. ఒకటి డబ్బాలో వెయ్. రెండోది పట్టుకోని పోతానే ఉండు. చేతిలో చెత్తసంచి ఉన్నంతసేపు పనిమనిషిని ఎవురూ సూడరు. నడుము ముప్పై."

"ఖలాస్?" అంది మామా, అయిపోయిందా అన్నట్టు, తలెత్తకుండా.

"ఇంకా చేతులుండాయి మామా," అని అరబ్బీలో చెప్పి, మళ్ళీ పిల్ల వైపు తిరిగింది. "జమియా కొట్టు ఎనక సందులో ఎడమకు తిరుగు. అది దాటితే బస్సు. భయపడొచ్చు మే, పరిగెత్తకూడదు."

"పట్టుకుంటేనో, అక్కా?"

"నీ చేతిలో ఉండేది చెత్తే గదా. ఆ డబ్బా నిండింది, ఇంకో డబ్బా ఎతుకుతాండా అని చెప్పు."

నోట్లో గుండుసూదులు పెట్టుకునే ఇదంతా మాట్లాడేది. "ఎప్పుడో మింగుతావు" అని నేను తిడితే, "ఈ దేశమొచ్చి మింగినవి తక్కువా, టీచరమ్మా" అనేది. ఆ దారిన మొదట నడిచింది తనే, చెప్పేవాళ్ళెవరూ లేకుండా. తన మీద పెట్టిన పరారీ కేసు తేలాక ఊరికి వెళ్ళి, కొన్నేళ్ళకు దర్జీ వీసాతో తిరిగొచ్చింది. "ఎందుకొచ్చావు?" అంటే, "దారి తెలిసినదాన్ని నేనొక్కతినే గదా" అంది.

నా తప్పు కూడా రాయాలి. ఒక పొద్దున ఒక పిల్ల కింది గదికి బదులు, అంతస్తు పొరబడి, మా తలుపు కొట్టింది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. నిబంధన అంటే నిబంధన. కాంట్రాక్టు పూర్తి చెయ్యమని బోధించి లిఫ్టు దాకా దిగబెట్టాను. ఆ పిల్ల బెదిరి, వచ్చిన ఇంటికే వెళ్ళిపోయింది. సాయంత్రం అక్క పైకొచ్చింది.

"పిల్లకు పాఠం చెప్పినావంట?"

"ఉన్న చట్టం చెప్పాను. పారిపోతే పరారీ కేసు పెడతారు."

"పారిపోయేది దొంగలు. అది ఇంటికి పోతాండె. నీ చట్టం దాని వీపు సూసిందా?"

ఆ పిల్ల మళ్ళీ బయటపడడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నా ఖాతాలోవి, మరొకరి మీదికి నెట్టను.

దారి ఇలా బయటపెట్టొచ్చా అంటారేమో. జమియా వెనక సందుకు గోడ కట్టేశారు. చెత్తసంచి సంగతి మామాలకు ఎప్పుడో తెలిసిపోయింది. ఇప్పటివాళ్ళు ఎలా వెళ్తున్నారో నాకు తెలుసు. అది మాత్రం రాయను. వాడుకలో లేని దారికి ఒక గుర్తు ఉండాలి. లేకపోతే రేపు మనవాళ్ళే, అలాంటిదేమీ జరగలేదంటారు.

"మీ అల్లుడి ఇఖామా సంగతి ఆలోచించుకోండమ్మా" అన్నారు ఆ పెద్దాయన ఫోన్ పెట్టేసే ముందు. ఇఖామా రద్దయితే ఈ దేశంలో ఉండనివ్వరు. రాత్రి భోజనాల దగ్గర అల్లుడికి ఆ మాట చేరవేశాను. అతను మజ్జిగ కలుపుకుంటూ, "రాయండి అత్తయ్య గారూ. పంపించేస్తే మనకున్నవి మూడు పెట్టెలే కదా, సర్దుకోవడం ఎంతసేపు" అన్నాడు.

ఇక జరగాల్సినవి:

1. రేపు సభలో ఈ కాగితం నేనే చదువుతాను. మైకు ఇవ్వకపోతే మైకు లేకుండానే. చివరి బెంచీకి వినిపించే గొంతు నాకింకా ఉంది.

2. వచ్చే శుక్రవారం ఉదయం ఏడింటికి ఆ దారి నడుద్దాం. మా వీధి చెత్తడబ్బా నుంచి బస్‌స్టాపు దాకా, గోడ చుట్టూ తిరిగి, వెయ్యిన్నూట నలభై అడుగులు. రెండుసార్లు నడిచి లెక్కపెట్టాను. ఇద్దరిద్దరుగానే రావాలి. గుంపు కట్టొద్దు, ఇక్కడ అది నేరం. బ్యానర్లు వద్దు, ఫోటోలు వద్దు.

3. అప్పట్లో ఆ దారిన వెళ్ళినవాళ్ళు వస్తే ముందు వాళ్ళే నడవాలి. వాళ్ళను ఎవరూ ఏమీ అడగొద్దు.

4. ఏటా ఇలాగే. నేను లేని ఏడు కూడా.

5. పోలీసు ఆపితే నేను మాట్లాడతాను. సివిల్ ఐడీ చేతికిచ్చి, ఇంటిపేరుతో సహా నా పేరు చెబుతాను. ఆయన ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూస్తున్నంతసేపూ మీరు ఆగొద్దు. ఇద్దరిద్దరుగా, నన్ను దాటుకుంటూ, నడుస్తూనే ఉండండి.