పరగడుపు మాత్ర

దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరుకు నోరు ఊరుకోదు. నిచ్చెన మీద నిలబడే కింద పోయేవాళ్లందరితోనూ కబుర్లాడతాడు. ఆయనకు గజ్జల్లో హెర్నియా వచ్చింది. షుగరు అంతకుముందు నుంచే ఉంది.

"ముందు షుగరు దారికి రావాలి. లేకపోతే కుట్లు మానవు," అన్నాడు సర్జను. పెయింటరు గొణుక్కుంటూనే తీపి మానేశాడు, సాయంత్రాలు నడిచాడు. రక్తపరీక్ష బాగా వచ్చాక ఆపరేషనుకు రోజు కుదిరింది.

"రాత్రి నుంచి ఏమీ తినకూడదు. పొద్దున షుగరు మాత్ర కూడా వద్దు," అని సిస్టరు మరీ మరీ చెప్పింది. మొదటి మాట చెవికెక్కింది, రెండోది ఎక్కలేదు. మాత్ర తిండి కాదు కదా అనుకుని, లేవగానే అలవాటు కొద్దీ గుటుక్కున మింగేశాడు.

వార్డులో తన వంతు కోసం కూర్చున్నప్పుడు చెమటలు పట్టాయి. భార్య చూస్తే పరువు పోతుందని వణికే చేతులను దుప్పటి కింద దాచుకున్నాడు.

"ఏమండీ, ఆ బోర్డు చూశారా? 'నిశ్శబ్దం'లో ఒత్తు ఎగిరిపోయింది," అంది భార్య, ఆయన్ని నవ్వించాలని.

అక్షరం తప్పు కనిపిస్తే ఊరంతా టముకు వేసే మనిషి శూన్యంగా చూశాడు. "ఏ బోర్డు? విసిగించకు," అన్నాడు ముద్దముద్దగా.

ఆమె గబుక్కున లేచింది. "సిస్టర్! ఈయన ఈయనలా లేరు!"

వేలు గుచ్చి చూస్తే చక్కెర బాగా పడిపోయి ఉంది. సిస్టరు తిట్టలేదు. వెంటనే నరంలోకి గ్లూకోజు ఎక్కించింది. మెల్లగా చెమట ఆరింది, కళ్లలోకి మనిషి తిరిగొచ్చాడు. పొద్దున మాత్ర మింగిన సంగతి అప్పుడు చెప్పాడు.

మత్తు డాక్టరు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ మాత్ర ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఈరోజు వద్దు, రేపు చేద్దాం. మత్తులో ఉన్నవాళ్లు ఒంట్లో ఎలా ఉందో చెప్పలేరు కదా."

"భయమనుకున్నాను డాక్టరుగారూ."

"భయమైనా చెప్పండి. ఏదన్నది మేం తేల్చుకుంటాం."

మర్నాడు ఆపరేషను అయింది. మధ్యమధ్య చక్కెర చూస్తూనే ఉన్నారు. మెలకువ వచ్చాక ఈసారి పైకి ఎగబాకింది. కోత పడ్డ ఒంటికి అది మామూలేనని ఇన్సులిన్ ఇచ్చి దించారు. తిండి సరిగ్గా మొదలయ్యాకే మళ్లీ మాత్రలు ఇచ్చారు.

ఇంటికి బయల్దేరుతూ, "ఇక నా మందుల పెత్తనం నీదే," అన్నాడు భార్యతో.

"నాకొద్దు బాబూ. ఏది ఎందుకో, ఎప్పుడు ఆపాలో మీరే అడిగి తెలుసుకోండి. తొందరేం లేదు."

పెయింటరు మందుల చీటీ తీసుకుని సిస్టరు బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.