చూడందే మైకు పట్టని మామ

పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండురా. నిద్రల్నే. మధ్యాహ్నంలోపే తీస్తరంట, అందరికి జెప్పు." పాల్మాకుల చుట్టుపక్కల ఎవరు పోయినా ఆటోకు మైకు కట్టుకుని చెప్పింది మామే. ఆయన పోయాడని చెప్పే పని నా నెత్తిన పడింది.

నాకు వరసకు మామ. నా పంక్చర్ షాపు ముందే ఆటో ఆపేవాడు. నల్లా నీళ్లు రాకున్నా, కరెంటు పోయేదున్నా ఆయనే చెప్పాలి. మొదలుపెట్టే ముందు మైకులోనే దగ్గేవాడు.

"మామా, నీ దగ్గుకు మన పక్క ఎయిర్‌పోర్టుల విమానాలు గూడ దిగుడు బంద్ జేసినయే."

"వాటికి గూడ నేనే జెప్తున్న. నువ్వు గాలి కొట్టుకోరా."

చావు కబురైతే మాత్రం కొడుకులే ఫోన్ చేసినా నమ్మడు. ఆ ఇంటికి వెళ్లి, దండం పెట్టి వచ్చాకే మైకు పట్టేవాడు.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఒకప్పుడు ఫోన్లలో అవే వీడియోలు. అప్పుడే దుప్పట్లు అమ్ముకునే ఒకతన్ని నా షాపు పక్కనున్న బస్టాపు దగ్గర పట్టుకున్నారు. పాపం, తెలుగు రాదు. ఎవడో చెంప మీద కొట్టాడు. గుంపంతా మామ మీదికొచ్చింది.

"దొంగ దొరికిండని మైకుల జెప్పు! ఊరంత రావాలె."

"ఎవల పిల్లను ఎత్తుకపోయిండు?" అన్నాడు మామ.

"అందరంటుండ్రు."

"అందరంటే ఎవలురా? రేపు ఠాణల నన్ను గట్లనే అడుగుతరు. అబద్ధం జెప్పి జనాన్ని భయపెడితే మూడేండ్ల దాక జైలున్నది. నిజమనుకున్న అంటే ఇడిసిపెట్టరు, ఎట్లనుకున్నవు అంటరు."

"భయపడ్డవా మామా?" అన్నాను, అప్పుడు కూడా నోరు ఊరుకోక.

"భయమే. ఊరంత వస్తే ఈయన బతుకుతడా?"

మైకు వైరు పీకేసి, అతన్నీ దుప్పట్ల మూటనీ ఎక్కించుకుని ఠాణాకు తోలాడు. అతను వట్టి దుప్పట్లవాడేనని పోలీసులు తేల్చి పంపేశారు.

అయినా దొంగను తప్పించాడనే మాట మామకు అంటుకుంది. పిలిచేవాళ్లు తగ్గారు. కబుర్లన్నీ వాట్సాప్ గ్రూపులోకి పోయాయి. ఆటో నా షాపు ముందు ఉత్తగానే ఉండేది. పక్కనే కూర్చుని ఎన్ని జోకులు వేశానో! ఆ రోజు నువ్వు చేసింది మంచిపని అని ఒక్కసారన్నా అనలేదు.

అత్త ఫోన్ పెట్టగానే గ్రూపులో పెట్టాను. రోజూ అందులో నేను పెట్టేవి జోకులే కదా, నవ్వే బొమ్మలు వచ్చాయి. "ఇయ్యాల మామను సంపినవా అన్నా?" అన్నాడొకడు. ఫోన్లు చేస్తే, "ఏదీ, మామకే ఇయ్యి ఫోను" అన్నారు. ఆటో తీద్దామంటే బ్యాటరీ ఎప్పుడో పోయింది. ఒట్టు పెట్టుకుంటే ఇంకా నవ్వారు.

చివరికి కొద్దిమందిమే మోసుకెళ్లాం.

సాయంత్రానికి ఊరికి నమ్మకం కుదిరింది. ఒక్కొక్కరే వచ్చారు. గడప బయట చెప్పుల మీద చెప్పులు పడ్డాయి. లోపల, మామను పడుకోబెట్టిన చోట, కడిగిన నేల ఇంకా ఆరలేదు.