బ్యూగ్లర్ పెదవి

1967 జూన్‌లో, వానలో తార్నాకలో బస్సు దిగాను. ఒక ట్రంకు, పరుపు చుట్టిన ఒక హోల్డాలు. అంతకుముందు మూడేళ్లు సరిహద్దు బంకర్లలో ఉన్న హవల్దారును. ఇక్కడ యూనివర్సిటీ క్యాంపస్‌లో విద్యార్థి క్యాడెట్లకు కవాతు నేర్పాలి. ఇదీ ఒక సైనికుడి ఉద్యోగమేనా అని మీరంటారు. నేనూ అదే అనుకున్నాను. ఆ అక్కసు ఎవరి మీదో ఒకరి మీద తీర్చుకోవాలి కదా.

మైదానం ఎర్రమట్టి, చుట్టూ బండరాళ్లు. అయిదుంబావుకు బ్యూగిల్, అయిదున్నరకు ఫాలిన్, అంటే అందరూ వరుసల్లో నిలబడాలి. బ్యూగిల్ ఊదేది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక నాయక్, ర్యాంకులో నాకన్నా ఒక మెట్టు కింద. ఆదివారాలు చర్చిలో పాడేవాడు. భార్య హబ్సిగూడలో బడి టీచరు. అతను ఊదితే హాస్టలు కుర్రాళ్లు తిట్టుకుంటూనైనా లేచేవారు.

ఆగస్టులో ఒక ఉదయం అతని స్వరం చీలింది. గాలి పెదవి పక్కనుంచి తుస్సుమని పోయింది. క్యాడెట్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అతన్ని స్టోరు గదిలోకి పిలిచి నిలదీశాను.

"కింది పెదవి మొద్దుబారిందండి ఉస్తాద్. గడ్డం దాకా స్పర్శ లేదు. రెండు పళ్లు కదులుతున్నాయండి."

"ఏంది, నాటకాలా? పన్ను కదిలితే బ్యూగిల్ బందైతదా?"

ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటోడే అని ఎత్తిపొడిచాను. సిక్ రిపోర్టు పుస్తకం నా దగ్గరే ఉండేది. అందులో నేను పేరు రాస్తేనే ఎవరైనా మిలిటరీ ఆసుపత్రి గడప తొక్కేది. నేను రాయలేదు. పైగా వీపున ఇటుకల సంచి కట్టించి, వారం పాటు రోజూ మైదానం చుట్టూ పరిగెత్తించాను. తరువాత బయట ఎవరి దగ్గరో పన్ను పీకించుకు రమ్మన్నాను. పీకించుకున్నాడు. ఆ గుంత మానలేదు. దవడ కింద వాపు రాయిలా గట్టిపడింది. నొప్పి పెద్దగా లేదన్నాడు. నొప్పి లేకపోతే రోగమూ లేదన్నాను. వార్షిక పరేడ్ ముగిసేదాకా అతని పేరు పుస్తకంలో రాయలేదు. అప్పటికి నవంబరు వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు అతని పెదవిని సూదితో గుచ్చి చూశాడు. ఎక్స్‌రే తీయించాడు, ముక్క కోసి పరీక్షకు పంపాడు. దవడ ఎముకలో క్యాన్సర్. చాలా అరుదైన జబ్బనీ, పంటి బాధని పొరబడటం మామూలేననీ, చిన్నదిగా ఉండగా పూర్తిగా కోసేస్తే బతికినవాళ్లున్నారనీ చెప్పాడు. పెదవి ఎప్పుడు మొద్దుబారిందని అడిగాడు.

"పది రోజులైంది సార్" అన్నాను నేను.

పక్కనే ఉన్న అతను నేలవైపు చూశాడు. పై ర్యాంకువాడినైన నా మాటను కాదనలేదు.

కింది దవడ కుడి సగం తీసేశారు. అయిదు నెలలకు ఊపిరితిత్తులకు పాకింది.

మే నెలలో నాకు రెజిమెంటుకు తిరిగి వెళ్లమని ఆర్డరొచ్చింది. కాచిగూడలో రైలు మధ్యాహ్నం. పొద్దున్నే క్షమాపణ అడగాలని హబ్సిగూడలో వాళ్లింటికి వెళ్లి, గుమ్మంలోంచి పిలిచాను. అతను మంచం దిగి, గోడ పక్కన మడమలు కలిపి, చేతులు తొడలకు ఆనించి నిలబడి ఉన్నాడు. మిగిలిన సగం గడ్డం పైకెత్తాడు. కాళ్లు వణుకుతున్నాయి.

"డాక్టరుగారొచ్చినా లేవరండి. మీ గొంతు విని లేచారు" అంది అతని భార్య.

తప్పు నాదేనని చెప్పాలి. అందుకే వెళ్లాను. నా నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

"విశ్రామ్."

అతను కాళ్లు ఎడం చేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

రైలెక్కాను. జూలైలో అతను పోయాడని ఉత్తరం వచ్చింది. నాకు మాత్రం అతను ఇంకా ఆ గోడ పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని, నా తరువాతి మాట కోసం చూస్తూ నిలబడే ఉన్నాడు.